పెద్ద కె, చిన్న కె

యూనివర్సిటీ ప్రొఫెసరుగారిని మా అరుగు మీద కుర్చీ వేసి కూచోబెట్టి, ఆయన కళ్ళజోడు ఆయన చేతే రెండుసార్లు తుడిపించి, చివరికి “సరేనమ్మా, నీ ఇష్టం” అనిపించిన మనిషి కనకరత్నం. ఆయన్ని ఒప్పించడానికి ఆర్నెల్లు పట్టిందని తరవాత ఎవరెవరో చెప్పుకున్నారు. అక్కడ లేనివాళ్ళు అలాగే చెప్పుకుంటారు. నేనున్నాను. ఒక వాయి ఇడ్లీ ఉడికి దిగేంత సేపు పట్టింది, అంతే.

1981 శ్రావణమాసం. ద్వారకా నగర్లో మా ఇంటి ముందుగదిలో కనకరత్నం టైపు మిషను పెట్టుకుని పని చేసుకునేది. ప్రొఫెసరు భీమశంకరరావుగారు రిక్షా దిగి, గొడుగు ముడవకుండానే మొదలుపెట్టారు. ఆయన వెనకాల శిష్యుడు త్రినాథరావు కాగితాల కట్ట గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. మనిషికి ముప్పై దాటాయి, ఒక కాలేజీలో లెక్కల మాస్టరు, అయినా గుంజీలు తీయమంటారేమో అన్నట్టుంది మొహం. ఆ కట్ట అతను డాక్టరు పట్టా కోసం రాసిన థీసిస్. సంఖ్యా క్షేత్రాలని, లెక్కల్లో ఏదో లోతైన సంగతి. టైపు చేసిమ్మని ఇస్తే కనకరత్నం నాలుగు రోజులు ఉంచుకుని, ఈ అక్షరాలు మారిస్తేగానీ కొట్టనని తిప్పి పంపించింది. ప్రొఫెసరుగారికి ఒళ్ళు మండదా మరి. పాతికేళ్ళుగా తను బోర్డు మీద రాస్తున్న అక్షరాలని మార్చమనడానికి టైపు కొట్టే మనిషి ఎవరని ఆయన ప్రశ్న.

 కనకరత్నం కుర్చీ వేసింది. లోపలికి వెళ్ళి ఐదు కాగితాలు, వాటి మధ్య నాలుగు కార్బన్లు దొంతర పెట్టి మిషన్లోకి ఎక్కించి, ఆ థీసిస్‌లోదే ఒక వరస టకటకా కొట్టింది. దొంతర ఊడదీసి, అన్నిటికన్నా అడుగున ఉన్న కాగితం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

“మాస్టారూ, ఇందులో పెద్ద కె లు ఏవో, చిన్న కె లు ఏవో కాస్త చదివి పెట్టండి.”

నాకు అప్పటికి తెలియదు, తరవాత తెలిసింది. వాళ్ళ లెక్కలో పెద్ద కె అంటే పెద్ద క్షేత్రం, చిన్న కె అంటే దాని లోపల ఉండే చిన్న క్షేత్రం. తల్లిని బిడ్డ అనుకుంటే ఎంత తప్పో, ఇక్కడా అంతే తప్పు. టైపు మిషన్లో ఆ రెండు అక్షరాలకీ ఒకటే పోలిక, కొంచెం పొడుగు పొట్టి తేడా. నాలుగు కార్బన్లు దాటి కిందికి దిగేసరికి ఆ తేడా మసకబారిపోతుంది.

ఆయన చదివారు. ఏడు కె లు ఉన్నాయి. కనకరత్నం మొదటి కాపీ పక్కన పెట్టి చూపించింది. మూడు తప్పు. ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని మళ్ళీ చదివారు. ఈసారీ మూడు తప్పే, కానీ వేరే మూడు. మళ్ళీ తుడుచుకున్నారు. తుడిస్తే కళ్ళజోడుకి బాగుంటుంది గానీ కార్బను కాగితానికేం ఒరుగుతుంది.

మొదటి కాపీ శుభ్రంగానే ఉంది కదా అన్నారు ఆయన.

“మొదటి కాపీ ఆఫీసు బీరువాలోకి వెళుతుందండి. రెండోది మీ దగ్గర ఉంటుంది. పరీక్ష చేసే పెద్దలకి వెళ్ళేది అడుగువే కదండీ. పోయినసారి వాళ్ళు తిప్పి పంపింది ఇలాంటి కాపీ చూసే.”

అప్పుడు అన్నారు ఆయన, సరేనమ్మా నీ ఇష్టం అని. రిక్షా ఎక్కుతూ మాత్రం, ఏదైనా తేడా వస్తే పూచీ నీదేనన్నారు. నాదేనండి, అంది కనకరత్నం. ఆయనకి కాఫీ కూడా ఇవ్వకుండా పంపించానని నాకు ఇప్పటికీ చిన్నతనంగానే ఉంటుంది.

ఈ మాటల మధ్య దొర్లిపోయిన సంగతి ఒకటుంది. అదే అసలు సంగతి. త్రినాథరావు థీసిస్ అంతకు ముందే ఒకసారి వెళ్ళింది. వేరే ఎవరో టైపు చేశారు. ఏ పేజీలో ఏ క్షేత్రం గురించి చెబుతున్నాడో పోల్చుకోలేకపోతున్నాం, సరిచేసి పంపమని తిప్పికొట్టారు. ఆ ఏడు డిసెంబరు ఆఖరుకల్లా మళ్ళీ ఇవ్వకపోతే అతని పేరు కొట్టేస్తారు. ఇంకో గడువు లేదు. కాలేజీలో అతనిది తాత్కాలికపు ఉద్యోగం, పట్టా వస్తేనే ఖాయం చేస్తారు. పరవాడ అవతల సరుగుడు తోటల పక్క పల్లెలో, దుక్కి దున్నుకునే ఇంట్లో పుట్టి, ఆరేళ్ళు కూచుని రాసిన రాత. అదంతా ఒక అక్షరం పొడుగు పొట్టి మీద ఆగింది.

కనకరత్నానికి లెక్కలు రావు. రావని ఆవిడే చెప్పేది, సిగ్గుపడకుండా. గోదావరి జిల్లా మండపేట పక్క పిల్ల. ఎస్సెస్సెల్సీ దాకా చదివింది. మొగుడు గవర్రాజుకి పోర్టులో క్రేను మీద ఉద్యోగం వచ్చి, అవుటర్ హార్బరు కడుతున్న రోజుల్లో ఇద్దరూ వచ్చి మా ఇంట్లో అద్దెకి దిగారు. అతను డ్యూటీకి వెళ్ళాక గోడలు చూస్తూ కూచోలేక టైపు నేర్చుకుంది. టైపు హయ్యర్ పరీక్ష కూడా పాసయింది. నాలుగు చేతులు మారిన పాత మిషను ఒకటి సంపాదించి ముందుగదిలో పెట్టుకుంది. మొదట షిప్పింగు ఏజెంట్ల కాగితాలు, తరవాత కోర్టు అఫిడవిట్లు, ఆ తరవాత యూనివర్సిటీ కుర్రాళ్ళ థీసిస్‌లు.

పొద్దున్నే వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టినట్టే, రోజూ మిషను అక్షరాలని గుండుసూదితో శుభ్రం చేసేది. ఇ, ఓ, ఎ అక్షరాల పొట్టల్లో సిరా మసి పేరుకుని గుండ్రాలు పూడిపోతాయట. నువ్వు అక్షరాలకి పళ్ళు తోముతున్నావా అని నేను వెక్కిరించేదాన్ని. తోమకపోతే కంపు కొడతాయి పిన్నిగారూ, అనేది.

గవర్రాజు మంచివాడే, మాట తక్కువ. వాళ్ళ పనిలో మాట అక్కర్లేదట. అరవై అడుగుల ఎత్తున క్రేను గదిలో కూచున్నవాడికి కింద నిలబడ్డవాడి కేక వినబడదు. చేతి సైగలే. ఎత్తమనడానికి ఒకటి, దించమనడానికి ఒకటి, ఆగమనడానికి ఒకటి. ఓ రోజు అన్నం తింటూ అతను చెప్పాడు. కొత్తగా వచ్చిన సైగ మనిషి ఒకడు ఆగు అన్నదానికీ దించు అన్నదానికీ చెయ్యి ఇంచుమించు ఒకేలా ఊపాడట. బస్తాల వల వెళ్ళి ఓడ అంచుకి కొట్టుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ సైగ మనిషిని మర్నాటి నుంచి వేరే పనికి మార్చేశారు. కనకరత్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే వింది. ఆ మాట ఆవిడ ఎక్కడ దాచుకుందో ఈ థీసిస్ వచ్చాక నాకు తెలిసింది.

సరే, అక్షరాలు మార్చాలి. ఏ అక్షరం బదులు ఏది? త్రినాథరావు సాయంత్రం కాలేజీ అవగానే వచ్చి అరుగు మీద కూచునేవాడు. ప్రొఫెసరుగారు ఒప్పుకున్నారు గానీ శిష్యుడు ఒప్పుకోలేదు. లోకంలో అందరూ కె అనే రాస్తారు, నేనొక్కణ్ణీ మారిస్తే నాకు తెలియదనుకుంటారు అని అతని బాధ. పైగా ఆర్ అనే అక్షరాన్ని ఒకచోట వాస్తవ సంఖ్యలకి, ఒకచోట ఇంకేదో వలయానికి, మరోచోట ఉత్తి అంకెకి వాడాడు. సందర్భాన్ని బట్టి తెలిసిపోతుందంటాడు. ఇంక కొన్నిటికి జర్మనీ వాళ్ళ గొలుసు అక్షరాలట, మిషన్లో ఉండవు, ఖాళీలు వదిలితే ఐదు కాపీల్లోనూ కలంతో తనే నింపుతాడట. మొదటిసారి నింపినవి చూశాను నేను. జిలేబీ చుట్టలు. ఏది ఏ చుట్టో పోసినవాడికే తెలియాలి.

వాళ్ళ వాదన వినీ వినీ నాకు విసుగెత్తింది. బియ్యం చేట దించి అడిగాను.

“ఓరి త్రినాథా, మీ ఊల్లో అప్పన్నలు ఎంతమందున్నారు?”

“తొమ్మండుగురు పెద్దమ్మా. మా యింట్లోనే ముగ్గురు.”

“మరి అప్పన్నకి జొరమొచ్చిందని కబురొత్తే ఏ యింటికెల్తావు? సందర్భాన్ని బట్టి ఎల్తావేటి?”

అతను నవ్వాడు. కొట్టు అప్పన్న, మెట్ట అప్పన్న, పొడుగు అప్పన్న అని వరసగా చెప్పుకొచ్చాడు. మా వైపు అంతే కదా. సింహాచలం దేవుడి పేరు పెట్టుకోని ఇల్లుండదు, పక్కన ఇంకో మాట తగిలించకపోతే ఏ అప్పన్నకీ పెళ్ళి కాదు.

కనకరత్నం మిషను దగ్గరనుంచే అంది. “తొమ్మిదిమంది అప్పన్నలకి పేర్లు పెట్టుకున్నారు కదండీ. మీ సంఖ్యలేం పాపం చేశాయి?”

ఆ పూటతో అతని మొండితనం సగం విరిగింది. మిగతా సగం విరగడానికి ఇంకో వారం పట్టింది.

వారం రోజులూ కనకరత్నం కాగితం ముక్కల మీద అక్షరాలు కొట్టి చూసుకుంది. ఎవరికీ చుట్టం కాని అక్షరాలు ఏరింది. పెద్ద క్షేత్రానికి ఎల్, లోపలి చిన్నదానికి ఎఫ్. ఒకదాని కాలు కింద ఉంటుంది, ఒకదాని చేతులు పైన ఉంటాయి, ఎంత మసకబారినా ఒకటి ఇంకోటి కాలేదు. జిలేబీ చుట్టలు తీసేసి, వాటికి మిషన్లో ఉన్న అక్షరాలే ఇచ్చింది. ఒక అక్షరానికి ఒకటే ఉద్యోగం, రెండో ఉద్యోగం చేస్తే పట్టుకుంటాను అని త్రినాథరావుకి చెప్పేసింది.

ఇంక మిగిలినవి లోకమంతా ఎరిగిన పెద్ద క్షేత్రాలు మూడు. అకరణీయ సంఖ్యలకి క్యూ, వాస్తవ సంఖ్యలకి ఆర్, సంకీర్ణ సంఖ్యలకి సి. ఇవి ఊరి పెద్దల్లాంటివి, పేర్లు మార్చకూడదు. కానీ మామూలు అక్షరాల్లో కలిసిపోకూడదు. త్రినాథరావు చెప్పాడు, బోర్డు మీద అయితే వాటికి ఒక గీత జోడించి రెండు గీతలుగా రాస్తున్నారట ఈమధ్య. కనకరత్నం అదే చేసి చూసింది. అక్షరం కొట్టి, ఒకడుగు వెనక్కి జరిపి, దాని మీదే నిలువు గీత కొట్టింది. పైకాపీలో ఎంత ముచ్చటగా వచ్చిందో. పట్టుచీరకి అంచు వేసినట్టు. త్రినాథరావు పొంగిపోయాడు.

అప్పుడు ఆవిడ అడుగు కాపీని ముక్కలు ముక్కలుగా కత్తిరించి నా చేటలో పోసింది. ఒకలాంటివి ఒకచోట పెట్టమంది. నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు. మూడో తరగతి తెలుగు చదువు నాది. అందుకే మీరు కావాలి అంది. వచ్చినవాళ్ళయితే చుట్టుపక్కల మాటలు చూసి ఊహించేస్తారట, అక్కడ ఉన్నది చూడరట. బియ్యంలో రాళ్ళు ఏరే కళ్ళు నావి, రెండు మూడు నిమిషాల్లో ఏరేశాను. క్యూ లూ సి లూ అన్నీ కలిపి ఒకటే కుప్ప పెట్టానట. పొట్టలో గీత పడేసరికి కార్బన్లో రెండూ నల్లటి రేగిపళ్ళు అయిపోయాయి మరి. నేనేం చెయ్యను.

త్రినాథరావు మొహం మాడిపోయింది.  కనకరత్నం ఆ ముక్కలు ఊడ్చేసి, కొత్త కాగితాలు ఎక్కించి, ఈసారి అక్షరం పొట్ట జోలికి వెళ్ళకుండా కింద అడ్డగీత కొట్టింది. కింద గీత ఉన్నవి పెద్ద క్షేత్రాలు, లేనివి మామూలువి. మళ్ళీ ముక్కలు, మళ్ళీ చేట. ఈసారి మూడు కుప్పలూ మూడు కుప్పలుగానే వచ్చాయి. ఒక్కటి తప్పితే ఒట్టు.

కింద గీత గొప్ప మాటలకి కదండీ వేస్తాం, సిద్ధాంతం, నిరూపణ అని అన్నాడతను. ఇకనుంచి వేయం అంది ఆవిడ. మాటలు చదువుకుంటే వాటంతటవే తెలుస్తాయి, గీత క్షేత్రాలకి ఒగ్గేయమంది. వదిలేయడాన్ని ఒగ్గేయడం అనడం నా దగ్గర నేర్చుకుందే.

థీసిస్ మొదట్లో ఒక పేజీ కూడా చేర్చింది. గుర్తుల పట్టిక. ఏ అక్షరం ఎవరు, మొదట ఏ పేజీలో కనిపిస్తుంది అని. ప్రొఫెసరుగారికి పంపిస్తే చివర చిన్న సంతకం పెట్టి పంపారు. కాఫీ కూడా ఇవ్వని ఇంటికి ఆయన ఆ మాత్రం చేయడం మా కాళ్ళు కడగడంతో సమానం.

దసరా వెళ్ళాక టైపు మొదలయింది. రెండువందల పది పేజీలు. త్రినాథరావు అలవాటు చొప్పున అక్కడక్కడ మళ్ళీ కె రాసి తెచ్చేవాడు. ఆవిడ పెన్సిలుతో సున్న చుట్టి వెనక్కి ఇచ్చేది. మూడోసారి తెచ్చినప్పుడు, ఈ కె అనే ఆయన చచ్చిపోయి రెండు నెలలైంది, ఇంకా భోజనానికి పిలుస్తారేంటండీ అంది. అతను మళ్ళీ తేలేదు.

తప్పు ఆవిడ దగ్గరే జరిగింది. డిసెంబరు ఇరవై రెండు. పేజీలన్నీ అయిపోయాయి, దొంతరలు కట్టుకుంటున్నాం. నేను పైన ఉన్న కాగితం చూస్తూ, ఈ గీతలు ఇన్నున్నాయేటే అని ఊరికే అన్నాను. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. కాగితం లాక్కుని చూసింది, దాని కిందది, దాని కిందది. సిద్ధాంతం అన్న మాట వచ్చిన ప్రతిచోటా దాని కింద గీత. ఏడేళ్ళుగా శీర్షిక కనబడితే గీత కొట్టిన వేళ్ళు. తల వద్దంటున్నా అవి కొట్టుకుంటూ పోయాయి. నలభై మూడు పేజీలు.

త్రినాథరావుని పిలిపించాం. గీత ఎక్కువైతే ఏం పోయిందన్నాడు.  తొమ్మిది రోజులే ఉంది మరి.

“ఇంక ఒగ్గేయండి రత్నంగారూ. మాట కింద గీతకీ అచ్చరం కింద గీతకీ తేడా ఆళ్ళకి తెల్దేటి?”

“తెలుస్తుందండి. తెలియడానికి ఒక్క క్షణం ఆగుతారు. పోయినసారీ అలా ఆగీ ఆగీ కదండీ విసిగిపోయారు.”

“గడువు దాటిపోతే అన్నీ పోతాయి కదా.”

“దాటదు. పూచీ నాదని మాస్టారితో అన్నాను. మీరు ఇంటికెళ్ళి పడుకోండి.”

నలభై మూడు పేజీలు మళ్ళీ కొట్టింది. ఒక్కో పేజీ ఐదు కాపీలు. వంట నేను చేసి పంపాను. గవర్రాజు డ్యూటీనుంచి వచ్చి కార్బన్లు సర్ది ఇచ్చేవాడు, మాట లేకుండా. వేళ్ళు మాట వినడం లేదని, అడ్డగీత మీట మీద చిన్న గుడ్డముక్క కుట్టి తొడిగింది. గీత కొట్టాలంటే ఆ గుడ్డ తీయాలి, తీసేటప్పుడు ఎందుకు తీస్తున్నానో గుర్తుకొస్తుంది. అంత మొండిమనిషిని నేను మళ్ళీ చూడలేదు. నేను అద్దం చూసుకోను గనక. డిసెంబరు ముప్పైన త్రినాథరావు ఐదు కాపీలూ బైండు చేయించి రిక్షాలో పెట్టుకుని, కట్ట మీద చెయ్యి తీయకుండా యూనివర్సిటీకి వెళ్ళాడు.

ఆ తరవాత నాలుగు నెలలు ఎవరూ ఏమీ చెప్పలేదు. త్రినాథరావు చిక్కిపోయాడు. కనకరత్నం మళ్ళీ షిప్పింగు కాగితాల్లో పడింది. వైశాఖమాసంలో ఒకరోజు మధ్యాహ్నం అతను మా గుమ్మంలో చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చేశాడు. దూరప్రాంతాల పరీక్షకులు ఇద్దరూ పట్టా ఇవ్వొచ్చని రాసేశారట. ఒక ఆయన రాతలో గుర్తుల ఊసే లేదట. పోయినసారి పేజీ నిండా వాటి గురించే తిట్టిన మనిషే. ఇంక మౌఖిక పరీక్ష ఒకటే మిగిలింది. ఆ ఆయనే వచ్చి అందరి ముందూ ప్రశ్నలు వేస్తాడట, ఎవరైనా వచ్చి కూచోవచ్చట. వచ్చే బుధవారం పది గంటలకి. మీరిద్దరూ రావాలి, ముందు వరసలో కూచోవాలి అని చెప్పి వెళ్ళాడు.

కనకరత్నం పెట్టెలోంచి ఒక కవరు తీసి చూపించింది. ఉక్కు ప్రాజెక్టు ఆఫీసులో టైపిస్టు ఉద్యోగానికి టైపు పరీక్ష. అదే బుధవారం, అదే పది గంటలకి. ఆ ఉద్యోగం కోసం ఆవిడ ఏడాదిగా చూస్తోంది. మానుకోమని నేను అనలేదు, ఆవిడా అనుకోలేదు. కవరు పెట్టెలో పెట్టేసి కాసేపు మిషను రోలరు తిప్పుతూ కూచుంది. ఊసే ఎత్తకపోవడం మంచికో చెడ్డకో ఎలా తెలుస్తుంది పిన్నిగారూ అంది. ఆవిడ పట్టా గురించి అడగడం లేదు, అది వచ్చినట్టే. గుర్తుల గురించి అడుగుతోంది.

“నాకేటి తెలుస్తాదే. నాను ఎల్లి కూకుంటే మాత్రం ఆళ్ళ మాటలు ఒక్క ముక్క బోదపడతాదా?”

“మాటలు వినక్కర్లేదండి. మీరు వెనక బెంచీ మీద, ఆ పరీక్షకుడి చెయ్యి కనబడేలా కూచోండి. ఆయన ముందు అడుగు కాపీ ఉంటుంది. పేజీలు ముందుకి తిప్పినంతసేపూ ఊరుకోండి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి మొదటి పేజీలోని పట్టిక కోసం వెనక్కి తిప్పితే మాత్రం లెక్కపెట్టండి. ఒకటి రెండుసార్లయితే పర్లేదు, పట్టిక పెట్టిందే అందుకు. అంతకన్నా ఎక్కువైతే, ఎన్నిసార్లో నా మొహం చూసి తగ్గించకుండా వచ్చి చెప్పండి.”